నాలుగని రాశాను

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. వంటగదిలో పెద్దమ్మ, కడిగిన టీ కప్పులనే మళ్లీ కడుగుతూ. ముందుగదిలో పెదనాన్న, నిన్నటి పేపరును ఇవాళ్టిదన్నట్టు చదువుతూ. తన గదిలో అన్నయ్య, వాళ్లబ్బాయి. పదకొండింటికి వచ్చిన ట్రస్టు మేడం, జలుబు చేసిందని వేడినీళ్ల ఫ్లాస్కు వెంట తెచ్చుకున్నావిడ. ఆ తర్వాత నేను, ముందుగదికీ అన్నయ్య గదికీ మధ్యనున్న నడవాలో, ఇస్త్రీ బల్ల పక్కన, నా పాత ఫోను పట్టుకుని. ఇంకెవరైనా లెక్కపెట్టి ఉంటే నలుగురనే రాసేవారు.

మేడం వచ్చింది అన్నయ్య చేసిన పని చూడడానికి. ఆవిడకు నచ్చితే రెండు జరుగుతాయి. ఒకటి, అన్నయ్యకు ట్రస్టులో ఉద్యోగం. ఇంట్లో అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు. రెండోది, మా ఊరి బడిలో ఉన్న నలభై పాత ఫోన్లు బడిలోనే ఉంటాయి. దానికోసం ఎదురుచూస్తున్నది నేనొక్కదాన్నే.

ఆ ఫోన్లు నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ట్రస్టు పంపిన ఒక అట్టపెట్టెలో వచ్చాయి. ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసినవి. మా బడిలో కంప్యూటరు గది ఉండేది కానీ అందులో కంప్యూటర్లు ఉండేవి కావు, విరిగిన బెంచీలు ఉండేవి. లెక్కల టీచరు ఫోన్ల వెనక రంగుతో నంబర్లు వేసి ఇద్దరికొకటి పంచింది. నాకు పదిహేడో నంబరు వచ్చింది. పదో తరగతి అయ్యాక, పై చదువుకు నేను పెద్దమ్మ ఇంటికి వస్తున్న రోజు, టీచరు ఆ పదిహేడో నంబరు ఫోనును నా చేతిలో పెట్టింది; మిగతా నలభై బడిలోనే ఉన్నాయి.

"మీ అన్నయ్య కంప్యూటర్ల మనిషట కదమ్మా. పిల్లలు వీటిలో ప్రోగ్రాములు రాసుకునేలా ఏమైనా చేయగలడేమో అడుగు. ఊరికే పాటలు వినడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు."

నేను తలూపాను. నేను ఎవరికైనా మాటిచ్చానంటే అదొక్కటే. అది కూడా నోటితో ఇవ్వలేదు.

అన్నయ్యను అడగడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అప్పటికి అదృష్టం కొద్దీ ట్రస్టువాళ్లే అలాంటి పని చేసేవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చారు. అన్నయ్య అర్జీ పెట్టాడు.

కంప్యూటరుతో మాట్లాడడానికి మనుషులు రాసుకునే భాషలు ఉన్నాయి. మనం రాసిన ఒక్కొక్క వాక్యాన్నీ చదివి యంత్రం చేత ఆ పని చేయించే దుబాసీ ఒకటి మధ్యలో ఉండాలి. దాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. అది ఫోనులో నడవాలంటే ఆ ఫోనుకు తగ్గట్టు తయారుచేయాలి. అంత పని తనలో తనే చేసుకునే శక్తి ఫోనుకు ఉండదు. అందుకని పెద్ద కంప్యూటరు మీద, అక్కడ లేని ఫోను కోసం తయారుచేస్తారు. దీన్ని క్రాస్ కంపైల్ చేయడం అంటారని అన్నయ్య చెప్పాడు. చెప్పి, "అర్థం కాలేదు కదూ?" అన్నాడు.

నాకు అర్థమైంది. మా అమ్మ చేసేదీ అదే. అమ్మ బట్టలు కుడుతుంది. మనిషి రానక్కర్లేదు, ఆది చొక్కా ఒకటి పంపితే చాలు. దాన్ని కొలిచి, ఎప్పుడూ చూడని మనిషికి సరిపోయేలా కుట్టి పంపుతుంది. ఒకసారి ఎవరో పెద్దవాడికి కుట్టమని చిన్నవాడి ఆది పంపారు. చొక్కా వెనక్కి వచ్చింది, నాలుగు మాటలతో సహా. "ఆది తప్పితే కత్తెరేం చేస్తుందే" అంది అమ్మ. ఆ రాత్రి దాన్ని విప్పి మళ్లీ కుట్టింది.

ఇంటర్‌ప్రెటర్‌కు కూడా కొలతలు కావాలి. తయారయ్యేటప్పుడు అది ప్రశ్నలు అడుగుతుంది. నేను వెళ్లబోయే యంత్రంలో ఫలానాది ఉందా? లేదా? ఎంత ఉంది? తనున్న యంత్రం కోసమే తయారవుతుంటే తనే పరీక్షించి తెలుసుకుంటుంది. వేరే యంత్రం కోసమైతే పరీక్షించలేదు. ఎవరైనా జవాబులు ముందే ఒక ఫైలులో రాసిపెట్టాలి. రాసిపెట్టినదాన్ని అది ఎదురుచెప్పకుండా నమ్ముతుంది.

ట్రస్టు బళ్లకిచ్చిన ఫోన్లు రెండు రకాలు. కొత్తరకం ఫోను ఒకటి అన్నయ్య దగ్గర ఉంది. దాని జవాబులు అతను చూసుకున్నాడు. పాతరకం ఫోను నా దగ్గర ఉంది. రెండు నెలలపాటు రోజూ కాలేజీ నుంచి రాగానే నేను నడవాలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేదాన్ని. అన్నయ్య గదిలోంచి ఒక చిన్న పరీక్ష ప్రోగ్రాము పంపేవాడు. నేను ఫోనులో నడిపి ఏమొచ్చిందో చెప్పేదాన్ని.

"ఏయ్ నత్తా, ఉందా లేదా?"

"లేదు."

"గట్టిగా చెప్పు. గోడకు చెప్తున్నావా నాకు చెప్తున్నావా?"

"లేదు!"

"అరవకు."

నత్త అని నా ఫోనునూ పిలిచేవాడు, నన్నూ పిలిచేవాడు. మొత్తం నూట అరవై రెండు ప్రశ్నలు. "ఎటూ రోజూ డైరీలో ఏదో గీకుతూనే ఉంటావుగా, ఇవి కూడా అందులోనే గీకు" అన్నాడు. అందుకని జవాబులన్నీ నా డైరీలో ఉన్నాయి, పేజీకి ఐదో ఆరో, మిగతా రాతల మధ్యలో. తర్వాత వాటిని చూసి ఫైలులోకి నేనే టైపు చేశాను.

నలభై ఏడో ప్రశ్న ఇది. ఒక పెద్ద అంకెను పెట్టుకోవడానికి ఈ యంత్రంలో ఎన్ని గళ్లు ఉంటాయి? నా ఫోను నాలుగు అంది. నాలుగని రాశాను.

మేడం రావడానికి మూడు రోజుల ముందు అన్నయ్య రెండు ఫైళ్లనూ ఒకటి చేశాడు. నేను కాఫీ కప్పు తీసుకెళ్లడానికి గదిలోకి వెళ్లినప్పుడు తెర మీద చూశాను. నలభై ఏడులో ఎనిమిది ఉంది.

"అన్నయ్యా, అది నాలుగు."

"ఏది?"

"నలభై ఏడు. నా ఫోనులో నాలుగే వచ్చింది."

అతను కుర్చీ తిప్పి నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, చిన్నపిల్లల్ని చూసి నవ్వే నవ్వు. "నాలుగు మీ తాతల కాలం నాటి లెక్క. ఇప్పుడంతా ఎనిమిదే. రెండు ఫైళ్లు పెట్టుకుని ఎవడు చూసుకుంటాడు? కప్పు తీసుకెళ్లు, చీమలు పడతాయి."

కప్పు తీసుకెళ్లాను. కొత్తగా తయారైన ఇంటర్‌ప్రెటర్‌ను నా ఫోనులో ఎక్కించి ఇరవయ్యో ఎక్కం దాకా వేసి చూశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. అయితే నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. అన్నయ్య ఇంజనీరింగు చదివాడు. నేను విరిగిన బెంచీల గదిలో చదివాను. ఆ పూట డైరీలో నలభై ఏడో ప్రశ్న ఉన్న పేజీకే వెళ్లి, కింద ఖాళీలో అంతా రాసుకున్నాను. కోపంతో రాశాను కాబట్టి ఒక ప్రశ్నతో ఆగలేదు.

మేడం ముందు మొదట కొత్తఫోను పెట్టాడు అన్నయ్య. బాగా నడిచింది. పేరు అడిగి పలకరించే ప్రోగ్రాము, ఎక్కాలు చెప్పే ప్రోగ్రాము. పెదనాన్న పేపరు పక్కన పెట్టి, "మావాడు చిన్నప్పుడు గడియారం విప్పేశాడండీ" అన్నాడు. "మళ్లీ బిగించాడా?" అంది మేడం ముక్కు తుడుచుకుంటూ. పెదనాన్న పేపరు మళ్లీ తీసుకున్నాడు.

"మరి పాతవి?" అంది మేడం. "వాటి సంగతి చూడాలి నేను. రేపు పొద్దున బండి బయలుదేరుతుంది, పనికిరానివన్నీ ఎత్తుకురావడానికి. ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా బళ్ల జాబితా ఇచ్చేయాలి."

"నత్తా" అని పిలిచి, అంతలోనే గుర్తొచ్చి, "అమ్మాయ్, ఫోను ఇలా తే" అన్నాడు అన్నయ్య.

నేను వెళ్లి బల్ల మీద పెట్టాను. మేడం వెనకవైపు తిప్పి పదిహేడు నంబరు చూసి, తిప్పి పెట్టింది. పలకరింపు నడిచింది. ఎక్కాలు నడిచాయి. నా గుండె కూడా నడిచింది.

"పిల్లల చేతికి ఏదిచ్చినా మొదట పెద్ద అంకెలే కొడతారు" అంది మేడం. "అరవై వేలను అరవై వేలతో గుణించమను బాబూ."

అన్నయ్య కొత్తఫోనులో కొట్టాడు. మూడు వందల అరవై కోట్లు. తర్వాత నా ఫోనులో కొట్టాడు.

మైనస్ అరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల చిల్లర.

"గుణిస్తే సున్నా కిందికి పోయిందేమిట్రా?" అన్నాడు పెదనాన్న. "మా మాస్టారైతే గోడకుర్చీ వేయించేవాడు."

నాకు అప్పుడు తెలిసింది. నాలుగు గళ్లలో రెండు వందల పద్నాలుగు కోట్ల దాకానే పడుతుంది. అంతకు మించితే ఇంటర్‌ప్రెటర్ ముందే చూసుకుని వేరే ఏర్పాటు చేస్తుంది. కానీ ఎనిమిది గళ్లున్నాయని చెప్పాం. అది నమ్మింది. చిన్న చొక్కాలో పెద్ద మనిషిని దూర్చింది. ఎక్కాల దాకా కుట్టు ఆగింది.

అన్నయ్యకు తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు. తెలిసే ఉంటుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"పాతఫోను కొలతలన్నీ ఈ పిల్లే రాసింది మేడం" అన్నాడు. "మా పిన్నికూతురు. పల్లెటూళ్లో చదివింది, నేర్చుకుంటానంటే కాదనలేకపోయాను. ఎక్కడో ఏదో తప్పు రాసి ఉంటుంది. దీన్ని నమ్ముకోవడం నాది బుద్ధితక్కువ."

పెద్దమ్మ బిస్కెట్ల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. "దానికేం తెలుసండీ, ఉలకదు పలకదు. వీడు ఆఫీసు పని చూసుకుని, మిగిలిన టైములో ఇవన్నీ చేస్తున్నాడు. నిద్ర కూడా ఉండదు."

"సరే, పోనివ్వండి" అంది మేడం. "కొత్తవి బానే ఉన్నాయి కదా. పాతవాటిని వదిలేద్దాం. ఎన్నాళ్లని మోస్తాం?"

"నేననేదీ అదే మేడం" అన్నాడు అన్నయ్య. ఊపిరి పీల్చుకున్నట్టు అన్నాడు.

మేడం సంచిలోంచి జాబితా తీసింది. మా ఊరి బడి పేరు పైనుంచి నాలుగోది. ఆవిడ పెన్ను మూత తీసింది.

"నాలుగని రాశాను" అన్నాను.

ఎవరూ వినలేదు. మేడం తుమ్మింది. ఆ తుమ్ము అయ్యాక మళ్లీ అన్నాను.

"నేను నాలుగనే రాశాను. నా డైరీలో ఉంది."

"డైరీ ఏంటే మధ్యలో?" అంది పెద్దమ్మ.

డైరీ ఇస్త్రీ బట్టల కిందనే ఉంది. తెచ్చాను. పేజీ వెతకనక్కర్లేదు, చెయ్యి పెడితే అక్కడే తెరుచుకుంది. మేడం కళ్లజోడు పెట్టుకుంది. నేను వేలు పెట్టి చూపించాను. నలభై ఏడు, పక్కన నాలుగు. దానికింద, మూడు రోజుల కిందటి తేదీతో, 'అన్నయ్య ఎనిమిది చేశాడు. నాలుగని చెప్పాను. నవ్వాడు.'

మేడం తలూపింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ చదివే అలవాటున్న మనిషి. ఆవిడ చూపుడువేలు ఒక్కో వరుసా కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆ వేలు దిగేదాకా, కింద ఏం రాశానో నాకు గుర్తురాలేదు.

'అన్నయ్యకు తెలియనిది ఉందని ఈ ఇంట్లో ఎవరూ అనరు. ఉద్యోగంలోంచి తీసేసి ఏడాదిన్నర అయింది. పెద్దమ్మ ఇంకా అందరికీ ఇంటినుంచే ఆఫీసు అని చెప్తుంది. పొద్దున తొమ్మిదికి టిఫిను పెట్టి, ఆఫీసు టైమైందిరా అని గది తలుపు వేస్తుంది. పెదనాన్న కూడా ఆ టైముకు టీవీ సౌండు తగ్గిస్తాడు. లోపల అన్నయ్య ఒక్కోసారి ఏమీ చేయడు. కుర్చీ చప్పుడు కూడా ఉండదు.'

మేడం కళ్లజోడు తీసి మడిచింది.

"మీ అర్జీలో కంపెనీ పేరు రాసి, ఇప్పుడూ అక్కడే చేస్తున్నట్టు సంతకం పెట్టారు" అంది.

అన్నయ్య కొత్తఫోనును తిరగేసి బల్ల మీద పెట్టాడు.

"ఉద్యోగం లేకపోవడం తప్పు కాదు బాబూ. నా కొడుక్కీ రెండేళ్లు లేదు." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. "కానీ సంతకం సంతకమే. నేను కమిటీకి చెప్పాలి."

పెద్దమ్మ చేతిలో పళ్లెం అలాగే ఉంది. "చిన్నపిల్ల రాతలండీ అవి, కథలు రాస్తుంది" అంది. మేడం ఆమె వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"నాలుగు అని పెడితే సరిగ్గా నడుస్తుందా?"

"నడుస్తుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"మార్చడానికి ఒక్క అంకె. మళ్లీ తయారవడానికి నలభై నిమిషాలు."

"అయితే ఐదులోపు నాకు పంపించండి. నేనే ఒక పాతఫోనులో వేసి చూసుకుంటాను. నడిస్తే మీ బడి పేరు జాబితాలోంచి తీసేస్తాను. నడవకపోతే బండి ఎత్తుకుపోతుంది. వాటి బదులు ఈ ఏడాది కొత్తవి లేవు, అది కూడా చెప్తున్నాను." ఫ్లాస్కు మూత బిగించి లేచింది. పెదనాన్న గేటు దాకా వెళ్లాడు. అప్పటికి పన్నెండున్నర.

గేటు చప్పుడు అయ్యేదాకా పెద్దమ్మ ఆగింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే!" అంది. "కన్నకూతురిలా చూసుకున్నాను. కంచంలో అన్నం పెట్టి కూర్చోబెడితే, మూల కూర్చుని వాడు కుర్చీ కదిపాడా లేదా అని రాసుకున్నావా?"

"ఫోన్ల కోసం..."

"ఫోన్లు! పాతసామాను వాడికిస్తే బుట్టెడు ఉల్లిపాయలు కూడా ఇవ్వడు వాటికి. వాటికోసం వీణ్ణి బజారుకీడ్చావు. మీ అమ్మ నోట్లో వేలు పెడితే కొరకలేదు. నీకు ఇన్ని పళ్లెక్కడివే?"

నేను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. కింది వరుసలు చూపించాలనుకోలేదని. ఉద్యోగం సంగతి నాకు బయటపెట్టాలని లేదని. అన్నయ్య కుర్చీ చప్పుడు వినపడని రోజున నాకు భయమేసి, పనేమీ లేకపోయినా వెళ్లి తలుపు తట్టి నీళ్లు కావాలా అని అడిగేదాన్నని. అది డైరీలో రాయలేదు. రాయవలసినవి కొన్ని రాయలేదు.

పెదనాన్న లోపలికి వచ్చి చెప్పులు విడిచాడు. "అమ్మడూ" అన్నాడు, ఏదో అనబోయి. పెద్దమ్మను చూసి పేపరు తీసుకున్నాడు.

అన్నయ్య లేచాడు. నా ఫోనును బల్ల మీదనుంచి తీసి నా చేతికిచ్చాడు. చాలా నెమ్మదిగా, పగులుతుందేమోనన్నట్టు ఇచ్చాడు. తన గదిలోకి వెళ్లాడు. భోజనానికి ఎవరూ లేవలేదు.

నేను నడవాలో కూర్చున్నాను. కాలేజీకి సెలవు. ఆ ఇంటర్‌ప్రెటర్ తయారయ్యే సరంజామా ఉన్నది ప్రపంచంలో ఒక్క కంప్యూటరులో, అది ఆ తలుపు వెనక ఉంది. టీచరుకు ఫోన్ చేద్దామనుకున్నాను. చేసి ఏం చెప్పను? ఒక్క అంకె అడగడానికి ధైర్యం చాలడం లేదని చెప్పనా? పెట్టెలోకి వెళ్లే ఫోన్లలో మూడో నంబరు గురించి ఆలోచించాను, అది కొంచెం వేడెక్కేది, చలికాలం అందరూ దానికోసం పోట్లాడేవాళ్లు. ఇరవై ఎనిమిది తెర పగిలింది. దాన్ని ఇద్దరు అక్కాచెల్లెళ్లు, పగిలిన భాగం ఎవరికి రావాలో వంతులు వేసుకుని వాడేవాళ్లు.

నేను కూర్చున్న చోటునుంచి అన్నయ్య తలుపుకు ఆరడుగులు. నాకు మూడు గంటలు పట్టింది. నత్త అని ఊరికే అనలేదు.

నాలుగూ ఐదు నిమిషాలకు తట్టాను. నాలుగూ ఇరవై దాటితే చాలదని నాకు తెలుసు.

తలుపు తీశాడు. అతని భుజం పక్కనుంచి తెర కనిపించింది. ఫైలు తెరిచే ఉంది. నలభై ఏడో వరుస మీదే నిలిచి ఉంది. ఎనిమిది అలాగే ఉంది. మూడు గంటలనుంచీ అతను దాని ఎదురుగానే కూర్చున్నాడన్నమాట.

"అన్నయ్యా, ఒక్క అంకె."

అతను తలుపు మీదినుంచి చెయ్యి తీయలేదు.

"నువ్వేమీ చేయొద్దు. కొంచెం పక్కకు జరుగు చాలు, నేను మార్చుకుంటాను. నీ పేరే ఉంచు. నా పేరు ఎక్కడా వద్దు."

"మారిస్తే?"

"ఫోన్లు ఉంటాయి. నలభై."

"మరి నాకు?"

నూట అరవై రెండు ప్రశ్నల్లో అది లేదు.

"అన్నీ రాస్తావు కదా" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "తలుపు వెనక నేనేం చేస్తున్నానో కూడా రాస్తావు. ఇది కూడా రాసుకో. నాలుగూ పది అయింది, మా అన్నయ్య నాలుగు అని కొట్టలేదు అని రాసుకో."

"అన్నయ్యా, పిల్లలు..."

"కాలు తియ్యి."

కిందికి చూశాను. నా కుడికాలు గడప దాటి లోపల ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు. ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఎవరి దారికీ అడ్డంగా కాలు పెట్టలేదు నేను. పెట్టిన కాలు అక్కడే ఉంచితే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించాను. తలుపు నా పాదానికి తగిలి ఆగుతుంది. అతను నెడతాడు. నొప్పి పుడుతుంది. కానీ తలుపు పడదు.

"నత్తా, కాలు తియ్యి" అన్నాడు మళ్లీ, ఈసారి ఎప్పటిలా పిలిచినట్టు.

తీశాను. అతను తలుపు వేశాడు.